అప్పు ఇచ్చే ముందు మా అడంగల్ చూడండి: సోలార్ పార్కులకు డబ్బు పెట్టే విదేశీ సంస్థలకు బహిరంగ లేఖ

ప్రపంచ బ్యాంకు, ప్రైవేటు కంపెనీలకు అప్పులిచ్చే దాని అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ అధికారులకు; మన దేశపు సోలార్ కంపెనీల్లో వాటాలు కొన్న కెనడా, సింగపూర్, అబుదాబి, జపాన్ నిధుల పెద్దలకు;

ప్రతి: ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖకు, రెవెన్యూ శాఖకు.

నమస్కారం.

నేను శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక తహసీల్దారు కార్యాలయం ముందు కూర్చుని అర్జీలు రాసేవాణ్ని. తహసీల్దారుకు, ఆర్డీఓకు, కలెక్టరుకు రాయడం నా పని. వాషింగ్టన్‌కు, మనీలాకు, ఫ్రాంక్‌ఫర్ట్‌కు రాసే అలవాటు లేదు. అయినా రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ల గోడు ఈ మూడు ఆఫీసుల్లో తేలడం లేదు మరి. "పైనుంచి వచ్చిన ప్రాజెక్టు, మా చేతుల్లో ఏముంది" అంటారు ఇక్కడ. పైన అంటే విజయవాడ అనుకున్నాం. విజయవాడ పైన ఢిల్లీ, ఢిల్లీ పైన మీరు అని తర్వాత తెలిసింది. కాబట్టి అర్జీ మీకే.

అడిగేది ఒక్కటి. చేతిలో పట్టా లేకపోయినా ఏళ్ల తరబడి ఆ భూమిని సాగు చేసుకుంటున్న మనిషి కూడా నష్టపోయినవాడే అని మీ నియమాల పుస్తకాల్లోనే ఉంది. ఆ మాటను మా చేలల్లో అమలు చేయించండి. ఏ సర్వే నంబరులో ఎవరు సాగులో ఉన్నారో ఊళ్లో అందరి ముందూ లెక్క తేలేదాకా మొదటి విడత డబ్బు విడుదల చేయకండి.

సోలార్ వద్దని నేను అనను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వానతో బతికే ప్రాంతం మాది. ఎండ తప్ప మాకు పుష్కలంగా ఉన్నది ఇంకోటి లేదు. రాత్రి రెండింటికి కరెంటు వస్తే చీకట్లో మోటారు దగ్గరికి పోయి పాము కరిచి చచ్చిపోయిన రైతుల కుటుంబాలకు అర్జీలు రాసిన చేయి ఇది. పగటిపూట కరెంటు వస్తుందంటే కాదనేంత తెలివితక్కువ వాళ్లం కాము. పార్కు రావాలి. వచ్చే దారి గురించే నా తగాదా.

మీ ప్రతినిధులు ఎప్పుడైనా ఇటు వస్తే వాళ్లకు చూపించాల్సిన కాగితం ఒకటుంది. బీ మెమో అంటాం. ప్రభుత్వ భూమిని పట్టా లేకుండా సాగు చేసుకుంటున్నవాడికి రెవెన్యూ శాఖ ఇచ్చే జరిమానా నోటీసు అది. దాని మీద కట్టిన డబ్బుకు రసీదు ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను రేషన్ కార్డుతో కలిపి గుడ్డలో చుట్టి తెస్తారు. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసిపోయి ఉంటుంది. అయినా చదవొచ్చు: ఫసలీ 1405, అంటే 1995-96. సర్వే నంబరు. విస్తీర్ణం నాలుగు ఎకరాల చిల్లర. పంట: వేరుశనగ. కింద గ్రామ అధికారి సంతకం. కొందరి దగ్గర ఇలాంటివి పది పదిహేను ఫసలీలవి ఉంటాయి. తండ్రి పేరు మీద మొదలై కొడుకు పేరుకు మారినవీ ఉంటాయి.

ఇందులోని విడ్డూరం చూడండి. నువ్వు ఈ భూమిలో శెనక్కాయ వేశావు, తప్పు చేశావు, జరిమానా కట్టు అని ప్రభుత్వం సంతకం పెట్టి మరీ చెప్పింది. వాడు కట్టాడు. పాతికేళ్ల తర్వాత అదే నంబరు సోలార్ పార్కు ప్లానులోకి వచ్చేసరికి అదే ప్రభుత్వం ఇది బంజరు, ఖాళీగా పడి ఉంది, ఎవరూ సాగులో లేరు అని రాసి కంపెనీకి అప్పగిస్తుంది. రెండు కాగితాలూ ఒకే ఆఫీసు బీరువాలోవే. ఏది నిజమని అడిగితే జవాబు చెప్పే నాథుడు లేడు.

బీ మెమో వాడిది అట్టడుగు మెట్టు. వాడి పైన డీకేటీ పట్టావాడు ఉన్నాడు. ప్రభుత్వం పేదలకు పంచిన భూమి, అమ్ముకునే హక్కు లేకుండా 1977 చట్టం కట్టడి చేసింది, 2023 సవరణతో దాన్ని కొంత సడలించారు. ఆ భూమిని తిరిగి తీసుకుంటే పూర్తి పట్టాదారుకు ఇచ్చినంతే పరిహారం ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తేల్చింది. తీర్పు మంచిదే, దాన్ని అడిగి తీసుకోవడానికి మాత్రం ఇప్పటికీ వకీలు కావాలి. అందరికన్నా పైన సొంత పట్టావాడు. వాడి పొలాన్ని గుత్తకు (కౌలుకు) చేస్తున్నవాడు, కోరుకు (పంటలో పాలుకు) చేస్తున్నవాడు ఏ మెట్టు మీదా లేరు. 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద కౌలు రైతు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. యజమాని పెట్టడు. భూమి చేజారుతుందని వాడి భయం వాడిది.

ఊళ్లో ఏ పొలం ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ లెక్క అడంగల్. అందులో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉంటాయి. పాత చేతిరాత అడంగళ్లలో ఆ రెండో గడిలో నిజంగా దున్నేవాడి పేరు అప్పుడప్పుడైనా కనబడేది. కంప్యూటర్లోకి ఎక్కాక నేను తీయించి చూసిన వాటిల్లో చాలావరకు రెండు గడుల్లోనూ ఒకటే పేరు. మీ కన్సల్టెంటు హైదరాబాదులో కూర్చుని మీభూమి వెబ్‌సైటులో ఆ అడంగల్ దించుకుని "సాగుదారులు లేరు" అని నివేదికలో రాసుకుంటాడు. వాడు అబద్ధం రాయలేదు. చూడాల్సిన చోట చూడలేదు.

ఇక మీ పుస్తకాల సంగతి. ఐఎఫ్‌సీ పనితీరు ప్రమాణాల్లో అయిదోది భూసేకరణ గురించి. 2012 నుంచి అమల్లో ఉన్న ఆ ప్రమాణం నిర్వాసితులను మూడు రకాలుగా చూస్తుంది: చట్టబద్ధమైన హక్కు ఉన్నవాళ్లు, హక్కు పత్రం లేకపోయినా చట్టం గుర్తించగల దావా ఉన్నవాళ్లు, ఈ రెండూ లేకుండా ఆ భూమి మీద ఆధారపడి ఉన్నవాళ్లు. మూడో రకానికి భూమి ధర రాదు. పంటకు, బావికి, గట్టుకు, చదును చేసుకున్న కష్టానికి విలువ కట్టివ్వాలి, పోయిన జీవనోపాధి మళ్లీ నిలబడేలా చూడాలి. ప్రపంచ బ్యాంకు 2018 అక్టోబరు నుంచి అమలు చేస్తున్న పర్యావరణ, సామాజిక ప్రమాణాల్లోనూ ఇదే ఉంది. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2009 విధానమూ ఇదే చెప్పింది. మా బీ మెమో వాడు నూటికి నూరుపాళ్లూ మీ మూడో రకం మనిషి. మా దేశపు చట్టం కూడా వెనకబడి లేదు. 2013 భూసేకరణ చట్టం సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీని, కౌలుదారును, పాలుకు చేసేవాణ్ని బాధిత కుటుంబంగానే లెక్క పెడుతుంది.

మరి అమలు ఎక్కడ ఆగిపోతోంది? మీవాళ్లు చెప్పే సాకులు నాకు మూడు తెలుసు. మూడింటికీ జవాబు మీ పుస్తకాల్లోనే దొరుకుతుంది.

భూమి ప్రభుత్వం ఇచ్చింది, కంపెనీ తీసుకోలేదు కదా అన్నది మొదటిది. ప్రభుత్వం నడిపిన సేకరణ అయినా సరే, అందులో తగ్గినదాన్ని కంపెనీ పూడ్చాలని ఐఎఫ్‌సీ ప్రమాణం చెబుతోంది. రెండోది ఈమధ్య ఎక్కువగా వినబడుతోంది: ఇది సేకరణ కాదు, రైతులు ఇష్టపడి లీజుకు ఇచ్చారు, బలవంతం లేదు కాబట్టి ఆ అధ్యాయం మాకు వర్తించదు అని. లీజు రాసిన పట్టాదారు ఇష్టపడే ఇచ్చాడు, నిజమే. ఆ చేలో కోరుకు చేస్తున్నవాడిని ఎవరడిగారు? అమ్మేవాడు, కొనేవాడు కాకుండా ఆ భూమిని వాడుకుంటున్న మూడో మనిషి కదలాల్సి వస్తే స్వచ్ఛంద లావాదేవీకి కూడా తమ అయిదో ప్రమాణం వర్తిస్తుందని ప్రపంచ బ్యాంకు స్పష్టంగా రాసుకుంది. మూడో సాకు పెన్షన్ ఫండ్లది. మేం అప్పు ఇవ్వలేదు, వాటాలు కొన్నాం, రోజువారీ వ్యవహారం మాకు తెలియదు అంటారు. దానికి కొంచెం కథ చెప్పాలి.

కర్నూలు పార్కును తీసుకోండి. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో గని, శకునాల ఊళ్ల పక్కన సుమారు 5,900 ఎకరాల్లో వెయ్యి మెగావాట్లు. 2017లో పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్న పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని రాశారు. అందులో సగం, 500 మెగావాట్లు, 2015 నవంబరు వేలంలో అమెరికా కంపెనీ సన్ఎడిసన్ దక్కించుకుంది, యూనిట్ 4 రూపాయల 63 పైసలకు. అంత తక్కువ రేటు దేశంలో అప్పటిదాకా లేదు. 2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఇక్కడి ప్రాజెక్టు సింగపూర్ నిధి జీఐసీ, అబుదాబి నిధి ఏడీఐఏ డబ్బు పెట్టిన గ్రీన్‌కో చేతికి వచ్చింది. మరో 350 మెగావాట్లు జపాన్ సాఫ్ట్‌బ్యాంకు వాళ్ల ఎస్‌బీ ఎనర్జీ కట్టింది. 2021లో ఆ కంపెనీ మొత్తాన్ని అదానీ గ్రీన్ కొనుక్కుంది. బోర్డులు మారినా ప్యానెళ్లు, కంచె, కరెంటు కొనుగోలు ఒప్పందం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒప్పందం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పైసా నష్టం లేకుండా మారుతుంది. ఊరివాళ్లకు నోటిమాటగా ఇచ్చిన హామీలు మారవు, ఎవరిచ్చారో ఆ మేనేజరుతోనే వెళ్లిపోతాయి. మీరు వాటా కొన్నప్పుడు ఒప్పందాన్ని ప్రతి పేజీ చదివి కొంటారు. ఆ భూమిలో సాగుదారుల బకాయి ఏమైనా ఉందా అని కూడా అప్పుడే చదవండి. అప్పులతో పాటే కొన్నట్టు లెక్క.

ఒప్పందాల మీద మీకు ఎంత పట్టింపు ఉందో మేం 2019లో కళ్లారా చూశాం. ఆ ఏడాది జూలై 1న రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల రేట్లు తిరగరాయడానికి జీవో 63 ఇచ్చింది. వెంటనే గగ్గోలు. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. కేంద్రం అభ్యంతరం చెప్పింది. జపాన్ రాయబారి స్వయంగా ముఖ్యమంత్రికి లేఖ రాశారు. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలో ఉన్న రేటే ఇవ్వాలని తీర్పు చెప్పింది. న్యాయమే, రాసిన మాట మీద నిలబడాలి. నాకు పట్టింది వేరే సంగతి. నంబులపూలకుంటలో 2014-15లో పార్కు మొదలైనప్పుడు కాగితం లేని సాగుదారుల పరిహారం గురించి పత్రికల్లో వచ్చింది, పరిశోధకులు వచ్చి రాసుకుపోయారు, మాలాంటివాళ్లం అర్జీల మీద అర్జీలు పెట్టాం. వాటి కోసం ఏ దేశపు రాయబారీ కలం తీసినట్టు నేను వినలేదు.

నంబులపూలకుంట, గాలివీడు మండలాల్లోని ఆ పార్కు లక్ష్యం 1,500 మెగావాట్లు. దాని భూమి చూసే ఆంధ్రప్రదేశ్ సోలార్ పవర్ కార్పొరేషన్లో సగం వాటా కేంద్ర సంస్థ సెకీది, మిగతాది రాష్ట్ర సంస్థలైన జెన్‌కో, నెడ్‌క్యాప్‌లది. ప్లాంటు కట్టే కంపెనీకి తుడిచిపెట్టిన భూమి అప్పగించడమే దాని పని. తుడిచిపెట్టడం ఎలా జరిగిందన్న ప్రశ్న కార్పొరేషన్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, మీ దాకా రాదు. పార్కుల పద్ధతిలో ఉన్న అసలు సౌకర్యం ఇదేనని నాకనిపిస్తుంది.

మాకు ఆనుకునే, సరిహద్దు అవతల పావగడ ఉంది. కర్ణాటకే అయినా ఇళ్లల్లో మాట తెలుగే, మా మడకశిర వాళ్లకు అటు చుట్టరికాలు. అక్కడ అయిదు ఊళ్లలో 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. భూమి కొనకుండా లీజుకు తీసుకున్నారు: ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. ఫిన్లాండ్ కంపెనీ ఫోర్టమ్ దగ్గర్నుంచి సాఫ్ట్‌బ్యాంకు దాకా విదేశీ డబ్బు అక్కడికీ వచ్చింది. భూమి ఉన్న రైతు సంతోషంగానే ఉన్నాడు. ఎందుకుండడు? వాన పడినా పడకపోయినా బ్యాంకులో డబ్బు పడుతుంది, భూమి పేరు మారలేదు. అమ్ముకున్నదానికన్నా ఇది వెయ్యి రెట్లు మేలు, ఆంధ్రప్రదేశ్ కూడా ఇప్పుడు ఆ దారికే వచ్చింది, ఎకరాకు ఏటా 30 వేల పైచిలుకు లెక్కన. పావగడలో దెబ్బతిన్నవాళ్లు వేరే. కలుపు తీసి, శెనక్కాయ పీకి, కాయ వలిచి ఏడాదిలో కొన్ని నెలలు గడుపుకునే ఆడకూలీలు. 13 వేల ఎకరాల కూలి ఒక్కసారిగా మాయమైంది. బదులుగా వచ్చింది సోలార్ ప్లేట్లు కడిగే పని, గడ్డి కోసే పని, గేటు దగ్గర సెక్యూరిటీ పని. అదీ కాంట్రాక్టరు పిలిచినప్పుడు, పిలిచినంతమందికి.

గొర్రెలవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లకు బీ మెమో కూడా ఉండదు. మేపుకు ఎవరూ జరిమానా రాయలేదు, కాబట్టి కాగితం పుట్టలేదు. రాయలసీమలో కురుబలు, గొల్లలు తరతరాలుగా కోతలయ్యాక చేలల్లో మంద దించి, మిగతా కాలం గుట్టల్లో, పోరంబోకుల్లో తిప్పుకుంటారు. ఎరువు కోసం రైతే పిలిచి మంద పెట్టించుకునేవాడు. ఇప్పుడు వంకకు, మేపుకు మధ్య కంచె లేచింది. చుట్టూ తిరిగి పోవాలంటే కిలోమీటర్లు. ఎండాకాలంలో చూడి గొర్రె ఆ నడక తట్టుకోదు. ఇంతా చేసి కంచె లోపల గడ్డి ఏపుగా పెరుగుతుంది! ప్లేట్లు కడిగిన నీళ్లు, ప్లేట్ల నీడ. దాన్ని కోయించడానికి కంపెనీ కూలీలను పెట్టి డబ్బు ఖర్చు చేస్తుంది. చాలా దేశాల్లో ప్యానెళ్ల కింద గొర్రెలను మేపుతున్నారు. ఇక్కడ గొర్రె వైరు కొరుకుతుందంటారు. కేబుళ్లు ఎత్తుగా కట్టి, స్టాండ్లు కాస్త పైకి లేపితే తీరే సమస్య అది. మేక అయితే నేనూ భయపడతాను. గొర్రె అంత అల్లరిది కాదు.

డబ్బు ఎక్కడుంది అంటారా, లెక్క నేనే వేసి చూపిస్తాను. మా ఎండకు ఒక మెగావాట్ ఏడాదికి సుమారు 20 లక్షల యూనిట్లు ఇస్తుంది. కర్నూలు లెక్కన మెగావాట్‌కు దాదాపు ఆరెకరాలు. అంటే ఎకరాకు మూడు లక్షల పైచిలుకు యూనిట్లు. 4.63 రేటుకు ఎకరా మీద ఏడాదికి పదిహేను లక్షల రూపాయలు. తర్వాతి వేలాల్లో రేటు 2.70 దగ్గరికి దిగింది, ఆ రేటుకు చూసినా తొమ్మిది లక్షలు. ఇదంతా లాభం కాదని నాకు తెలుసు. ప్యానెళ్లకు, ఇన్వర్టర్లకు, మీ వడ్డీలకే ఎక్కువ పోతుంది. అందులో భూమి యజమానికి చేరేది నూటికి రెండు మూడు రూపాయలు. సాగుదారుకు, కూలీకి, కాపరికి చేరేది సున్నా.

యూనిట్‌కు మూడు పైసలు పక్కన పెట్టండి. ఎకరాకు ఏటా పది వేలు అవుతుంది. లెక్కలో తేలిన సాగుదారు, కూలీ, కాపరి కుటుంబాల ఖాతాల్లో అది నేరుగా పడాలి. మూడు పైసలతో టారిఫ్ కుప్పకూలుతుందని ఎవరైనా అంటే మధ్యప్రదేశ్ రీవా పార్కు చూపించండి. 750 మెగావాట్లు, లోపలి రోడ్లకు, సబ్‌స్టేషన్లకు ప్రపంచ బ్యాంకు అప్పు, టెండరు రూపకల్పనలో ఐఎఫ్‌సీ సలహా. 2017 వేలంలో మొదటి ఏడాది రేటు 2.97 అని దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ రేటు పదిహేనేళ్లపాటు ఏటా 5 పైసలు పెరుగుతుందన్న షరతు కూడా అదే టెండరులో ఉంది. కంపెనీ కోసం ఏటా అయిదు పైసలు పెంచడానికి ఒప్పందంలో చోటు దొరికితే, పాతికేళ్లకు ఒకేసారి మూడు పైసలకు దొరకదా?

ఆంధ్రప్రదేశ్ అధికారులకు ఇదేమీ కొత్త కాదు, వాళ్లు ఒకసారి చేసి చూపించారు. అమరావతి భూసమీకరణలో భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను పదేళ్లపాటు ఇస్తామని సీఆర్‌డీఏ పథకంలో పెట్టారు. పొలం పోతే కూలి పోతుంది, కూలి పోవడం కూడా నష్టమే అని ప్రభుత్వమే ఒప్పుకుంది. కృష్ణా ఒడ్డున నష్టమైనది చిత్రావతి ఒడ్డున నష్టం కాకుండా పోతుందా? అక్కడ నల్లరేగడి, ఇక్కడ ఎర్రమట్టి కాబట్టి ధర తేడా ఉండొచ్చు. సూత్రం తేడా ఉండకూడదు. అన్నట్టు, అమరావతి వాళ్లు ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి 2017లో ఫిర్యాదు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఫిర్యాదు పెట్టొచ్చని వాళ్లకు తెలుసు, అందుకే పెట్టారు. మావాళ్లకు అలాంటి గుమ్మం ఒకటుందనే తెలియదు.

ప్రపంచ బ్యాంకుకు తనిఖీ మండలి, ఐఎఫ్‌సీకి సీఏఓ అనే అంబుడ్స్‌మన్, ఆసియా బ్యాంకుకు జవాబుదారీ యంత్రాంగం ఉన్నాయి. సీఏఓకు ఏ భాషలోనైనా రాసుకోవచ్చట. బాగుంది. ఆ ముక్క తెలుగులో రాసి మీ డబ్బుతో కట్టే ప్రతి పార్కు గేటు మీద, గ్రామ సచివాలయం గోడ మీద అతికించమనండి. ఇప్పుడు కనిపించేదల్లా ఆర్వో ప్లాంటు మీద, బడి బెంచీల మీద కంపెనీ పేరు. మంచినీళ్లు ఇచ్చినందుకు సంతోషమే. తాగుతున్నాం. కానీ ఫిర్యాదు ఎవరికి చేయాలో చెప్పే ఒక రేకు ముక్క ఆర్వో ప్లాంటు కన్నా చవక. పర్యావరణ, సామాజిక నివేదికలు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలుగా మీ వెబ్‌సైటులో పెడతారు. అందులో మా ఊరి పేరు తప్పు స్పెల్లింగుతో ఉంటుంది, వెతికినా దొరకదు.

గుజరాత్ ముంద్రా వాళ్లు ఎంత దూరం వెళ్లారో మీ న్యాయవాదులు మరిచిపోయి ఉండరు. అది బొగ్గు ప్లాంటు, ఐఎఫ్‌సీ 45 కోట్ల డాలర్ల అప్పు. మత్స్యకారులు, రైతులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఇలాంటి సంస్థలకు కోర్టుల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019 ఫిబ్రవరిలో ఆ కోర్టు చెప్పింది. తర్వాత కింది కోర్టుల్లో వాళ్ల కేసు నిలవలేదు. మా ఊరివాళ్లను అంత దూరం పంపే స్తోమత ఎవరికీ లేదు, ఆ అవసరం రాకూడదనే ఈ లేఖ.

ఇప్పుడే ఎందుకంటే, ముందున్నది మామూలు సంఖ్య కాదు. 2024 స్వచ్ఛ ఇంధన విధానంలో రాష్ట్రం పెట్టుకున్న మొత్తం లక్ష్యం 160 గిగావాట్లు. అందులో సోలార్ వాటా 78 గిగావాట్లకు పైమాటే. మెగావాట్‌కు అయిదెకరాలు వేసుకున్నా దాదాపు నాలుగు లక్షల ఎకరాలు. 2025 మేలో గుత్తి మండలం బేతపల్లి దగ్గర రెన్యూ కంపెనీ కాంప్లెక్సుకు శంకుస్థాపన అయింది. అందులో కెనడా పెన్షన్ నిధికి, అబుదాబి నిధికి వాటాలున్నాయి. ఇంకా చాలా వస్తాయి, రావాలి. నంబులపూలకుంట నాటికి మాకు అనుభవం లేదు, మీకు తొందర ఎక్కువ. ఇప్పుడు రెండు పక్షాలకూ ఆ సాకు లేదు.

కాబట్టి భూమి చేతులు మారే ముందు, ఒక తేదీ ప్రకటించండి. మీ ప్రమాణాల్లో ఉన్నదే అది, ఆ తేదీ తర్వాత వచ్చి గుడిసె వేసినవాడికి హక్కు ఉండదు. కంపెనీకి కూడా అదే రక్షణ. ఆ తేదీన గ్రామసభ పెట్టి, సర్వే నంబర్ల వారీగా ఎవరు సాగులో ఉన్నారో, ఎవరు గుత్తకు చేస్తున్నారో, ఎవరి మంద ఎటు మేస్తుందో తెలుగులో రాయించండి. బీ మెమోలు, శిస్తు రసీదులు, పంట నష్టం జాబితాలు, బోరు కరెంటు సర్వీసు నంబర్లు, ఇరుగు పొరుగు చేలవాళ్ల సాక్ష్యం, ఇవన్నీ రుజువులుగా తీసుకోవాలి. జాబితాను సచివాలయంలో నెల రోజులు అంటించాలి. అభ్యంతరాలు వినడానికి రెవెన్యూ వాళ్లతో పాటు మీ సంస్థ మనిషి ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి, కంపెనీ మనిషి కాదు. ఆడవాళ్లను విడిగా పిలిచి అడగాలి. మగవాళ్ల ముందు వాళ్లు నోరు విప్పరు, కూలి లెక్కలు వాళ్లకే తెలుసు. ఈ జాబితా అప్పు ఒప్పందానికి అనుబంధంగా చేరాలి. కంపెనీ చేతులు మారినా అది కొత్తవాడి మెడకు చుట్టుకునేలా రాయించండి. మీ న్యాయవాదులకు అలాంటి వాక్యాలు రాయడం బాగా వచ్చు.

నంబులపూలకుంట, గాలివీడు పాత ఫైళ్లు కూడా తెరిపించాలి. అక్కడి కరెంటును మోసే గ్రిడ్డుకు, అక్కడ ప్లాంట్లు కట్టిన కంపెనీలకు డబ్బిచ్చినవాళ్లు మీలో ఎవరెవరో మీకే బాగా తెలుసు. పరిహారం రాని సాగుదారులు ఇంకా బతికే ఉన్నారు. కొందరు బెంగళూరులో అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్లుగా ఉన్నారు, కబురు పెడితే వస్తారు. రసీదులు వాళ్ల దగ్గర భద్రంగానే ఉన్నాయి.

జవాబు తెలుగులో పంపగలరని ప్రార్థన. ఇంగ్లీషులో పంపినా చదివించుకుంటాం, కాకపోతే ఆలస్యమవుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
అర్జీలు రాసే ఒక వ్యక్తి,
శ్రీ సత్యసాయి జిల్లా